ఆర్‌ఎంఎస్ లెక్కలో ఎక్కువ, కంటికి తక్కువ: ఫొటోలో కాంట్రాస్ట్‌ను జనం చూపుతో కొలిచేదెలా?

మంచుఫైలు అడిగిన ప్రశ్న:

పొగమంచులో తీసిన ఫొటోలను తేటగా చేసే ప్రోగ్రామ్ ఒకటి తీరిక వేళల్లో రాసుకుంటున్నాను. అందులో రెండు దారులు పెట్టాను. మొదటిదాన్ని ‘ఏ’ అందాం. అది ఫొటో మొత్తాన్నీ ఒకేలా సాగదీస్తుంది. ఆకాశం ఇంకా తెల్లబడుతుంది, నేల ఇంకా నల్లబడుతుంది. రెండోది ‘బీ’. అది ఫొటోను చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, ఏ గడిలో తేడాలను ఆ గడిలోనే పెంచుతుంది.

పిక్సెల్ విలువలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చూసే ఆర్‌ఎంఎస్ కాంట్రాస్ట్ లెక్క వేస్తే, ప్రతి ఫొటోలోనూ ‘ఏ’దే పైచేయి. అన్నిటికన్నా తెల్ల, నల్ల పిక్సెళ్ల తేడాను వాటి మొత్తంతో భాగించే మైకేల్సన్ ఫార్ములా కూడా వేసి చూశాను, దాదాపు అన్నిటికీ 1 వచ్చింది. సరే అని తెలిసినవాళ్ల గ్రూపులో రెండు రకాలూ పెట్టి, కాంట్రాస్ట్‌కి 10కి ఎన్ని మార్కులు వేస్తారో చెప్పమన్నాను. ఎక్కువమంది ‘బీ’కే ఎక్కువ వేశారు. ఒకాయన అన్నిటికీ 8 వేశాడు. ఇంకొకరు 5 దాటనే లేదు. ఒకావిడ మాత్రం "ఏది బాగుందో చెప్పాలా, ఏది గాఢంగా ఉందో చెప్పాలా?" అని నన్నే తిరిగి అడిగింది.

జనం కంటికి కనిపించే కాంట్రాస్ట్‌ను నమ్మదగినట్టు కొలిచే పద్ధతి ఏదైనా ఉందా? ప్రత్యేకమైన పరికరాలేవీ లేవు. లాప్‌టాప్, దానికి తగిలించిన మామూలు మానిటర్, ఓపికున్న పదిమంది మనుషులు. ఇదే నా సరంజామా.

గీతకోడు జవాబు:

వెబ్ పేజీలకు 4.5కి 1 ఉండాలని నియమం ఉంది కదండీ. ఆ ఫార్ములాతో చూస్తే సరిపోదా?

చారలబొమ్మ జవాబు:

గీతకోడు గారూ, ఆ నియమం అక్షరాల రంగుకూ వాటి వెనక రంగుకూ మధ్య తేడా కోసం పెట్టింది. రెండే రంగులున్నప్పుడు అది పనికొస్తుంది. మంచులో చెట్లున్న ఫొటోలో ఏ రెండు పిక్సెళ్లను ఏరుకుంటారు?

మంచుఫైలు గారూ, మనుషులను చీకటి గదిలో కూర్చోబెట్టి బూడిదరంగు చారలు చూపించి "కనిపించాయా, లేదా" అని అడగడం చాలాకాలం నా ఉద్యోగం. కాబట్టి జవాబు కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓర్చుకోండి.

ముందు లెక్క సంగతి. ఫైల్లో ఉన్న అంకె వెలుగు కాదు. మామూలు ఎస్‌ఆర్‌జీబీ (ఫైల్లో ఏ అంకెకు తెర ఎంత వెలుగివ్వాలో చెప్పే ప్రమాణం) ఫొటోలో 255కి సగం 128 కదా అనిపిస్తుంది. కానీ 128 దగ్గర తెర ఇచ్చే వెలుగు తెల్లదనంలో దాదాపు 22 శాతమే. 100, 150 అనే రెండు విలువలు తీసుకోండి. ఫైల్లోని అంకెలతోనే మైకేల్సన్ లెక్క వేస్తే, అంటే తేడాను మొత్తంతో భాగిస్తే, 20 శాతం వస్తుంది. అదే విలువలను ముందు అసలు వెలుగులోకి మార్చి లెక్కేస్తే 41 శాతం. ఒకే రెండు పిక్సెళ్లకు రెండింతల తేడా. మీరు ఏ లెక్క వేసినా సరే, ముందు ఎస్‌ఆర్‌జీబీ వంపును విప్పి, ఆ తర్వాతే వేయండి.

మైకేల్సన్‌కి అన్నిటికీ 1 రావడంలో వింతేమీ లేదు. ఆయన ఆ కొలత వాడింది వెలుతురు తరంగాలు కలిసినప్పుడు ఏర్పడే చారలు ఎంత స్పష్టంగా ఉన్నాయో చెప్పడానికి. సమానమైన చారలకు అది చక్కటి కొలత. ఫొటోలో ఎక్కడో ఒక మూల పూర్తి నల్ల పిక్సెల్ ఒక్కటి ఉంటే చాలు, జవాబు 1 అయిపోతుంది. మిగతా లక్షల పిక్సెళ్ల మాట దానికి పట్టదు.

ఆర్‌ఎంఎస్ అంతకన్నా మెరుగే. కానీ దానికి ఎక్కడ ఏముందో తెలియదు. మీ ఫొటోలోని పిక్సెళ్లన్నిటినీ చిందరవందరగా కలిపేసి మళ్లీ లెక్కేయండి. ఆర్‌ఎంఎస్ ఇసుమంత కూడా మారదు. ఫొటో మాత్రం ఇసుక పోసినట్టుంటుంది. కంటి పని అలా ఉండదు. తేడా ఎంత ఉందన్నదే కాదు, ఎంత వెడల్పులో పరుచుకుందన్నదీ దానికి ముఖ్యమే. క్యాంప్‌బెల్, రాబ్సన్ 1968లో చారల బొమ్మలతో చేసిన పని ఈ రంగంలో అందరూ మొదట చదివేది. చూపులో ఒక డిగ్రీ వెడల్పులో సుమారు 2 నుంచి 5 జతల చారలు (ఒక నల్లది, ఒక తెల్లది కలిపి ఒక జత) పడితే, చాలా పలచని తేడాను కూడా కన్ను పట్టేస్తుంది. చారలు మరీ సన్నబడినా, మరీ వెడల్పైనా అదే తేడా కనబడకుండా పోతుంది. ఫొటోలో ప్రతి చోటా, ప్రతి సైజులో కాంట్రాస్ట్‌ను విడివిడిగా లెక్కేయాలని 1990లో ఎలై పెలీ ప్రతిపాదించింది ఇందుకే.

ఇప్పుడు మీ ‘ఏ’ను చూడండి. అది పెంచిన తేడా ఎక్కువగా ఆకాశానికీ నేలకూ మధ్య ఉంది. ఒకటే పెద్ద మెట్టు. ఆర్‌ఎంఎస్‌కి అదంటే మహా ఇష్టం. ‘బీ’ పెంచింది కొమ్మలు, ఆకులు, రాళ్ల అంచులు. అంటే కంటికి బాగా ఆనే సైజులో ఉన్నవి.

ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది దాటేస్తారు. జార్జిసన్, సల్లివన్ 1975లో చూపించిందేమిటంటే, తేడా బాగా గట్టిగా ఉన్నప్పుడు చారల సన్నం, లావు పెద్దగా లెక్కలోకి రావు. అన్నీ దాదాపు ఉన్నంత గాఢంగానే కనిపిస్తాయి. కంటి చూపులోని హెచ్చుతగ్గులు బయటపడేది తేడా పలచగా ఉన్నప్పుడే. కాబట్టి ఎండలో తీసిన ఫొటోలైతే మీ ‘ఏ’, ‘బీ’ల మధ్య ఇంత గొడవ ఉండకపోవచ్చు. మంచు ఫొటోలో కొమ్మల తేడా కనీకనబడని గీత దగ్గరే తచ్చాడుతూ ఉంటుంది. ‘బీ’ దాన్ని ఆ గీత దాటించింది. లేనిది ప్రత్యక్షమైనట్టు ఉంటుంది చూసేవాళ్లకు. మార్కులు అక్కడ పడ్డాయని నా అంచనా.

ఇక అడిగే పద్ధతి. మిమ్మల్ని తిరిగి ప్రశ్న వేసిన ఆవిడను వదులుకోకండి, మీ పదిమందిలో సిసలైన పరిశీలకురాలు ఆవిడే. కనిపించిందా లేదా అన్నది ఒక ప్రశ్న. ఎంత గాఢంగా కనిపించింది అన్నది ఇంకొకటి. ఏది నచ్చింది అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. "కాంట్రాస్ట్‌కి మార్కులు వేయండి" అంటే జనం మూడో ప్రశ్నకు జవాబిచ్చి, దాన్ని రెండో ప్రశ్న డబ్బాలో వేస్తారు.

అసలు అంకె అడగడమే నాకు గిట్టదు. కళ్లు మూసుకున్న మనిషి చేతిలో సంచి పెట్టి "10కి ఎంత బరువు" అంటే ఏం చెబుతాడు? రెండు చేతుల్లో రెండు పెట్టి ఏది బరువో అడిగితే వెంటనే చెబుతాడు. వెబర్ బరువులతో చేసిందీ ఇలాంటిదే. ఫెక్నర్ 1860లో ఈ పద్ధతులను శాస్త్రంగా కూర్చాడు. థర్‌స్టన్ 1927లో "ఏది ఎక్కువ" అనే జవాబుల నుంచి కొలబద్ద తయారు చేసే లెక్క ఇచ్చాడు.

మీకు నేను చెప్పేది ఇది. ‘బీ’తో వచ్చిన ఫొటోను ఒక పక్కన కదలకుండా పెట్టండి. రెండో పక్కన అసలు మంచు ఫొటోను పెట్టి, దాని కాంట్రాస్ట్‌ను మీరు పెంచుతూ తగ్గిస్తూ ఉండండి. ఈ పెంచడం అసలు వెలుగు విలువల మీదే చేయాలి. సగటు వెలుగు కదలకూడదు, సగటు నుంచి ఉన్న తేడాలన్నిటినీ ఒకే అంకెతో గుణించాలి. చూసేవాళ్లు "ఎడమ", "కుడి" అని మాత్రమే చెప్పాలి. ‘బీ’లో ఎక్కువుందంటే రెండోదాన్ని ఒక మెట్టు పెంచండి, రెండోదానిలో ఎక్కువుందంటే ఒక మెట్టు తగ్గించండి. కాసేపటికి అది ఒక విలువ చుట్టూ ఊగుతూ ఉంటుంది. అక్కడ వాళ్ల జవాబులు సగం ఇటు, సగం అటు. అంటే రెండూ కంటికి సమానం. ఆ గుణకం 1.6 అనుకోండి, "‘బీ’ చేసిన పని కంటికి కాంట్రాస్ట్‌ను 1.6 రెట్లు పెంచినట్టుంది" అని నిక్కచ్చిగా చెప్పొచ్చు. ‘ఏ’కి కూడా అలాగే చేయండి. మనిషి నోటి నుంచి ఒక్క అంకె కూడా రాకుండానే మీ చేతిలో అంకె ఉంటుంది.

"రెండూ సమానం" అనే బటన్ పెట్టొద్దు. పెడితే ఓపిక తగ్గగానే అందరూ దాన్నే నొక్కుతారు.

రాత్రిషిఫ్ట్ జవాబు:

ఎక్స్‌రేలు చూసే మానిటర్లను సరిచేయడం నా పని. చారలబొమ్మ గారు గది వెలుతురు సంగతి వదిలేశారు, నా దృష్టిలో సగం సమస్య అక్కడే ఉంది. తెర తెలుపు 200, నలుపు 0.2 ఉందనుకోండి, చదరపు మీటరుకు క్యాండెలాల్లో, అంటే తెర వెలుగును కొలిచే యూనిట్‌లో. 1000కి 1. గది లైటు తెర మీద పడి వెనక్కి వచ్చే వెలుగు 2 ఉందనుకోండి. అది రెండిటికీ కలుస్తుంది. 202, 2.2. అంటే 92కి 1. ఫైల్లో ఏమీ మారలేదు, కాంట్రాస్ట్‌లో పదో వంతు కూడా మిగల్లేదు.

మీ గ్రూపువాళ్లు ఫోన్లలో చూసి ఉంటారు. ఒకరికి ఆటో బ్రైట్‌నెస్, ఒకరికి నైట్ మోడ్, ఒకరు ఆరుబయట. ఆ మార్కులన్నీ పక్కన పడేయండి.

ఇంకో మాట. వైద్యంలో తీసే బొమ్మల కోసం ఉన్న మా డైకామ్ ప్రమాణంలో కంటికి ఆనే తేడాలతో తయారుచేసిన మెట్ల పట్టిక ఉంది. 0.05 నుంచి సుమారు 4000 క్యాండెలాల దాకా 1023 మెట్లు. పిక్సెళ్లను ఆ మెట్లలోకి మార్చి తేడాలు లెక్కేస్తే మనుషులను పిలిచే శ్రమ ఉండదు కదా?

చారలబొమ్మ జవాబు:

గది వెలుతురు మాట నూటికి నూరుపాళ్లు నిజం. మీ రెండో మాట మాత్రం ఒప్పుకోను. ఆ 1023 మెట్లు, కన్ను ఎంత పలచని తేడాను పట్టగలదో లెక్కగట్టే బార్టెన్ నమూనా నుంచి వచ్చాయి. అందులో లక్ష్యం 2 డిగ్రీల చదరం, దానిలో డిగ్రీకి 4 జతల చారలు, చుట్టూ అదే వెలుగున్న నేపథ్యం, చూసే కన్ను ఆ వెలుగుకే అలవాటు పడి ఉంది. ఒక తెరనీ ఇంకో తెరనీ ఒకేలా ప్రవర్తించేట్టు చేయడానికి అంతకన్నా మంచి సాధనం లేదు, మీ వృత్తిలో అది అవసరం కూడా. కానీ ఫొటో చూసే కన్ను ఆకాశాన్నీ నేలనూ ఒకేసారి చూస్తుంది. పక్కన తెల్లటి ఆకాశం ఉంటే అదే బూడిదరంగు ఇంకా నల్లగా కనిపిస్తుంది. అద్దకం పనిలో దీన్ని గమనించి షెవ్రల్ 1839లోనే పుస్తకం రాశాడు. పక్కన ఏముందో మీ మెట్ల పట్టిక అడగదు కదా.

రాత్రిషిఫ్ట్ జవాబు:

ఒప్పుకున్నాను, తెర వరకే. అయినా తెర సరిగా లేకుండా మీ ఎడమ, కుడి ఆటకు అర్థం లేదు.

మంచుఫైలు జవాబు:

ఇద్దరికీ ధన్యవాదాలు. వెలుగు కొలిచే మీటర్ లేకుండా మానిటర్ సరిగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? ఎంత దూరంలో కూర్చోబెట్టాలి? నాది 8 బిట్ల తెర, అంటే 0 నుంచి 255 దాకానే మెట్లు, అది సరిపోతుందా? పదిమందే అంటే తక్కువేమో అని ఇంకో టెన్షన్.

చారలబొమ్మ జవాబు:

మీటర్ లేకపోతే ఇలా చేయండి. ఒక వరస పూర్తి తెలుపు, ఒక వరస పూర్తి నలుపు, మళ్లీ తెలుపు, మళ్లీ నలుపు. ఒక్కో వరస ఒక్క పిక్సెల్ మందం, అడ్డంగా. దాని మధ్యలో 188 విలువతో ఒక గడి గీయండి. దూరంగా వెళ్లి చూస్తే వరసలు కలిసిపోయి సగం వెలుగుగా కనిపిస్తాయి. ఎస్‌ఆర్‌జీబీలో సగం వెలుగు ఇచ్చే విలువ 188. గడి అందులో కలిసిపోతే తెర ఆ మధ్య భాగంలో దారిలోనే ఉన్నట్టు. గడి తేలి కనిపిస్తే సెట్టింగులు వెతకండి. ముఖ్యంగా డైనమిక్ కాంట్రాస్ట్, కళ్లకు హాయి అనే మోడ్లు, ఇవన్నీ ఆపేయాలి. బొమ్మను మాత్రం 100 శాతంలోనే చూడండి. జూమ్ చేస్తే సాఫ్ట్‌వేరే వరసలను కలిపేసి 128 దగ్గరి బూడిద చేతిలో పెడుతుంది, మీరు మానిటర్‌ను తిడతారు.

గదిలో లైటు మసకగా ఉంచండి, తెర మీద నేరుగా పడకూడదు. పూర్తి చీకటి కూడా వద్దు. చుట్టూ చీకటైతే ఫొటోలో నీడలు తేలిపోయి కాంట్రాస్ట్ తగ్గినట్టుంటుంది. బార్టెల్‌సన్, బ్రెన్‌మన్ 1967లో దీన్నే కొలిచారు. తెర మీద ఫొటోల చుట్టూ ఉన్న ఖాళీని ఒకే మధ్యస్థ బూడిదరంగుతో నింపండి. బ్రైట్‌నెస్ ఒకసారి పెట్టాక ఎవరూ ముట్టుకోకూడదు, బాగా వెలుగున్న తెర మీద అదే ఫొటో ఇంకా గాఢంగా కనిపిస్తుంది.

దూరానికి ఒక తేలిక లెక్క ఉంది. 57 సెంటీమీటర్ల దూరంలో తెర మీది 1 సెంటీమీటర్ కంటికి దాదాపు 1 డిగ్రీ. మీ తెర పిక్సెల్ పావు మిల్లీమీటర్ అయితే డిగ్రీకి 40 పిక్సెళ్లు. ఫొటోలో 8 పిక్సెళ్లకొకసారి తిరిగి వచ్చే ఆకుల గీతలు డిగ్రీకి 5 జతలుగా పడతాయి, కన్ను బాగా పట్టే చోటే. మనిషి అంతకు రెండింతల దూరం జరిగితే అవే 10 అవుతాయి. మీ ‘బీ’ గడుల సైజు మారినా ఇదే కథ. కాబట్టి నేల మీద టేపు అతికించండి, కుర్చీ అక్కడే ఉండాలి. కళ్లజోడు ఉన్నవాళ్లు పెట్టుకునే చూడాలి.

8 బిట్లు మీ పనికి సరిపోతాయి, ఎందుకంటే మీరు పోలుస్తున్నది బాగా కనిపించే ఫొటోలను. కనిపించిందా లేదా అనే గీతను వెతకాలంటే మాత్రం చాలవు. మధ్య బూడిద దగ్గర 128 నుంచి 129కి వెళితే వెలుగు 1.7 శాతం మారుతుంది, మైకేల్సన్ లెక్కలో 0.84 శాతం. మంచి పరిస్థితుల్లో కన్ను అర శాతాన్ని కూడా పట్టగలదు. అంటే తెర వేయగల అతి చిన్న మెట్టు కంటికి ఇప్పటికే పెద్దది. ప్రయోగశాలల్లో 10 బిట్ల తెరలు గానీ, పిక్సెళ్లలో కాస్త నాయిస్ (అడ్డదిడ్డమైన చిన్న చిన్న తేడాలు) కలిపే ఉపాయాలు గానీ వాడేది ఇందుకే.

పదిమంది సంగతి. టీవీ బొమ్మల నాణ్యతను కొలవడానికి అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ఇచ్చిన బీటీ 500 సిఫారసు కనీసం 15 మందిని అడుగుతుంది. అక్కడ ఒక్కొక్కరి నుంచి కాసిని మార్కులే తీసుకుంటారు. మీ దగ్గర ఒక్కొక్కరు బోలెడన్ని సార్లు జవాబు చెబుతారు కాబట్టి ప్రతి మనిషికీ వాళ్లదైన సమాన బిందువు దొరుకుతుంది. పదిమందికి పది అంకెలూ విడివిడిగా చూపించండి. సగటు ఒక్కటే చూపిస్తే నేనైతే నమ్మను.

ప్రతి మనిషికీ ఒకేసారి రెండు పరుగులు నడపండి. ఒకటి మరీ పలచని ఫొటోతో మొదలై పైకి రావాలి, ఇంకొకటి మరీ గాఢమైనదానితో మొదలై కిందికి రావాలి. రెంటినీ కలిపి చూపిస్తే తర్వాత ఏం వస్తుందో ఎవరూ ఊహించలేరు. రెండూ ఒకే చోటికి చేరితే ఫలితం గట్టిది. చేరకపోతే ఆ మనిషి అలసిపోయాడు, లేదా ప్రశ్న అర్థం కాలేదు. జతకీ జతకీ మధ్య రెండు క్షణాలు ఖాళీ బూడిద తెర చూపండి. గాఢమైన బొమ్మను తదేకంగా చూశాక పలచనిది ఇంకా పలచగా కనిపిస్తుంది.

ప్రశ్నను కాగితం మీద రాసి అందరికీ అదే చదివి వినిపించండి: "వెలుగు నీడల మధ్య తేడా ఏ ఫొటోలో ఎక్కువగా కనిపిస్తోంది? నచ్చినది కాదు, తేడా ఎక్కువ ఉన్నది."

మంచుఫైలు జవాబు:

188 గడి మొదట తేలి కనిపించింది. డైనమిక్ కాంట్రాస్ట్ ఆపేశాక కలిసిపోయింది. మొదటి నలుగురితో నడిపాను. నలుగురికీ ‘బీ’ గుణకం ‘ఏ’ కన్నా ఎక్కువే వచ్చింది, కాకపోతే ఆకాశం సగానికి పైగా ఉన్న ఫొటోలో తేడా దాదాపు పోయింది. ఒక్క అనుమానం. ఒకరికి మాత్రం ఎప్పుడూ ఎడమవైపు ఫొటోనే గాఢంగా అనిపిస్తోంది, ఏది పెట్టినా. ఆయన్ని తీసేయనా?

చారలబొమ్మ జవాబు:

అప్పుడే తీసేయకండి. ఆకాశం ఎక్కువున్న ఫొటోలో తేడా పోవడం సబబే, ‘బీ’కి పని చేయడానికి అక్కడ కొమ్మలు లేవు. ఆయన విషయానికొస్తే, ముందు తెరను అనుమానించండి. కొన్ని మానిటర్లను పక్క నుంచి చూస్తే నలుపు తేలిపోతుంది, కుర్చీ కాస్త ఎడమకు జరిగి ఉన్నా చాలు. మానిటర్‌ను తలకిందులుగా నిలబెట్టి, సెట్టింగుల్లో బొమ్మను మళ్లీ నిటారుగా తిప్పి, ఆయనతో ఇంకోసారి నడపండి. మొగ్గు కుడికి మారితే తప్పు తెరది. ఎడమకే ఉంటే, ముందు కుర్చీ మధ్యలోకి జరపండి. అప్పటికీ పోకపోతే అది ఆయన అలవాటు. ఫొటోల పక్కలు సగం సార్లు మారుస్తూ ఉంటే ఆ మొగ్గు దానంతటదే కొట్టుకుపోతుంది.